సిబుల్కోవా: బాకీ ఉంచుకోని మనిషి

తెల్లవారుజాము | శుక్రవారం రాత్రి 10:15

సిడ్నీ, 2013 జనవరి. మహిళల టెన్నిస్ ఫైనల్ స్కోరు 6-0, 6-0. గెలిచింది పోలండ్ అమ్మాయి అగ్నియెష్కా రద్వాన్‌స్కా. రెండు గుండుసున్నాలు మూటగట్టుకుని వెళ్లింది స్లొవేకియా అమ్మాయి డొమినికా సిబుల్కోవా. వారమంతా గెలుచుకుంటూ వచ్చి, చివరి రోజున నిండు గ్యాలరీ ముందు ఒక్కటంటే ఒక్క గేము కూడా దక్కకపోతే ఆ రాత్రి అన్నం సహిస్తుందా? నాకైతే సహించదు.

ఆరు నెలలు గడిచాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ టోర్నీ. మళ్లీ ఫైనల్, మళ్లీ అదే రద్వాన్‌స్కా. మొదటి సెట్టు 3-6తో పోయింది. ఇక్కడ మనకు అర్ధరాత్రి దాటింది, "ఇక చాల్లే" అనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే తర్వాతి రెండు సెట్లూ 6-4, 6-4తో టైటిల్ సిబుల్కోవాది. మరో ఆరు నెలలకు 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్. ఎదురుగా మళ్లీ ఆవిడే. ఈసారి నేను పడుకోలేదు, ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను. 6-1, 6-2.

ఒక్కరి విషయంలోనే అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. 2012 మయామీ సంగతి చూడండి. ఆ ఏడాది అప్పటిదాకా ఓటమి ఎరుగని నంబర్ వన్ విక్టోరియా అజరెంకా మీద 6-1, 5-2 ఆధిక్యంలో ఉంది సిబుల్కోవా. అక్కడి నుంచి మ్యాచ్ ఓడిపోయింది. గెలుపు గుమ్మం దాకా వెళ్లి గడప తగిలి పడ్డట్టు. రెండు నెలలు దాటగానే పారిస్ మట్టి కోర్టులో అదే అజరెంకాను వరుస సెట్లలో ఇంటికి పంపింది.

ఇక 2016 సింగపూర్, ఏడాది చివర మేటి ఎనిమిది మందే ఆడే టోర్నీ. గ్రూపు దశలో ఏంజెలిక్ కెర్బర్ చేతిలో ఓడింది. వారం తిరిగేసరికి ఫైనల్లో అదే కెర్బర్‌ను ఓడించి కప్పు ఎత్తింది.

161 సెంటీమీటర్ల మనిషి. గ్రాండ్‌స్లామ్ లేదు. నంబర్ వన్ కాలేదు. అయినా ఎవరి దగ్గర పడ్డ దెబ్బ వాళ్లకే, సాధ్యమైనంత త్వరగా తిరిగి అప్పజెప్పడంలో ఈవిడ అంతటివాళ్లు ఆ తరంలో నాకు కనబడలేదు. మీరేమంటారు?

---

గుంటూరు గ్యాలరీ | శుక్రవారం రాత్రి 10:52

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మన పత్రికలన్నీ "సిబుల్కోవా" అనే రాశాయి కాబట్టి అలాగే కానిద్దాం, కానీ ఆ మొదటి అక్షరం "సి" కాదు. స్లొవాక్‌లో అది మన దంత్య చకారం. చాప, చుక్క అనేటప్పుడు నాలుక పళ్లకు తగులుతుందే, అదీ. పాత పుస్తకాల్లో చ మీద చిన్న ౨ అంకె పెట్టి ౘ అని వేసేవాళ్లు, గుర్తుందా? ప్రపంచంలో చాలామందికి నోరు తిరగని ఆ ధ్వని మనకు పుట్టుకతో వచ్చింది. దాన్ని వదిలేసి "సి" అంటున్నాం.

ఇంకొకటి. సిబుల్కా అంటే చిన్న ఉల్లిపాయ. ఇంటిపేరు అది. ఆడవాళ్లకు దాని చివర "ఓవా" చేరుతుంది, అంతే. ఇక ఎదుటివాళ్ల కళ్ల నీళ్ల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలా?

---

రెండో సర్వీసు | శుక్రవారం రాత్రి 11:20

ఉల్లిపాయ బాగుంది. బాకీల సిద్ధాంతమే కొంచెం అతిగా ఉంది, క్షమించాలి.

2009 ఫ్రెంచ్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో మరియా షరపోవాను 6-0, 6-2తో ఓడించింది కదా, ఆ రోజు 6-0, 5-0 దాకా వెళ్లి మ్యాచ్ పాయింటు కూడా వచ్చింది. షరపోవా భుజం శస్త్రచికిత్స నుంచి అప్పుడప్పుడే తిరిగి వస్తోంది, అది వేరే సంగతి. రెండేళ్లకు 2011 వింబుల్డన్ క్వార్టర్స్‌లో అదే షరపోవా 6-1, 6-1తో ఈవిడను చుట్టేసింది. అంటే ఎదుటివాళ్లూ తమ బాకీ వసూలు చేసుకున్నారన్నమాట. టెన్నిస్‌లో ఏడాదంతా అదే ముప్పై నలభై మంది ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉంటారు. ఇవాళ ఓడినవాళ్లు రేపు గెలుస్తారు. అందులో వింత ఏముంది?

మొత్తం లెక్క ఎనిమిది సింగిల్స్ టైటిళ్లు. అందులో నాలుగు ఒక్క 2016లోనే. ఒక్క ఏడాది మెరుపు అని నేనంటే తప్పా?

---

తెల్లవారుజాము | శుక్రవారం రాత్రి 11:41

తప్పే. ఒక్క ఏడాది మెరుపయితే 2009లో రొలాండ్ గారోస్ (అదే ఫ్రెంచ్ ఓపెన్) సెమీస్, 2010లో యూఎస్ ఓపెన్ క్వార్టర్స్, 2011లో వింబుల్డన్ క్వార్టర్స్, 2014లో మెల్‌బోర్న్ (ఆస్ట్రేలియన్ ఓపెన్) ఫైనల్ ఎవరు ఆడారు? నాలుగు గ్రాండ్‌స్లాముల్లోనూ కనీసం క్వార్టర్ ఫైనల్ చూసింది. 2011 వింబుల్డన్‌లో ఆ క్వార్టర్స్‌కు ముందు ఇంటికి పంపింది అప్పటి నంబర్ వన్ వోజ్నియాకీని.

షరపోవా విషయంలో మీది నిజమే, ఒప్పుకుంటాను. అయితే అదీ అక్కడితో ఆగలేదు. 2014 మెల్‌బోర్న్ నాలుగో రౌండులో షరపోవా మొదటి సెట్టు గెలిచాక ఈవిడ 3-6, 6-4, 6-1తో తిరగేసింది. ఆ బాకీ ఎక్కడ తీరిందో చూడండి.

---

మట్టికోర్టు మాస్టారు | శనివారం ఉదయం 6:05

పొద్దున్నే పిల్లలకు బంతులు వేసి వచ్చి కూర్చున్నాను. మీరంతా స్కోర్లు చెబుతున్నారు. ఆట గురించి ఒక్కరూ చెప్పలేదు.

161 సెంటీమీటర్ల మనిషికి టెన్నిస్‌లో మొదటి కష్టం సర్వీసు. పొడుగువాళ్లు పైనుంచి కిందికి కొడతారు, వాళ్లకు నెట్ అడ్డం కాదు. పొట్టివాళ్లకు ఆ కోణం దొరకదు. కాబట్టి బంతిని కొంచెం పైకి లేపి తిప్పి పంపాలి, లేదా బాగా గురి చూసి కొట్టాలి. రెండో సర్వీసు మరీ ఇబ్బంది. అది మెత్తగా వెళ్లి పడితే అవతలివాళ్లు ఒక అడుగు ముందుకు వేసి బాదేస్తారు. సిబుల్కోవా ఓడిన మ్యాచులు చాలావాటిలో గొడవ అక్కడే మొదలవుతుంది.

రెండో కష్టం భుజం కన్నా ఎత్తుకు లేచే బంతి. పొట్టివాళ్లకు దారులు రెండే. వెనక్కి పోయి బంతి కిందికి దిగేదాకా ఆగాలి, లేదా అది లేవకముందే మీద పడాలి. ఈవిడ రెండోదే ఎంచుకుంది. గీత మీదే నిలబడి, బంతి నేలను తాకి ఇంకా పైకి వస్తుండగానే ఫోర్‌హ్యాండ్ బాదుతుంది. ఎదుటివాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. ఆ దెబ్బకు ముందు అడుగులు గమనించండి. రెండు పెద్ద అంగలు, తర్వాత చీమల్లా నాలుగైదు చిన్న అడుగులు. ఎత్తు లేని లోటు ఆ చిన్న అడుగుల్లో పూడ్చుకుంది. తొడల బలం కూడా చూడండి, బంతిని కొట్టేటప్పుడు రెండు కాళ్లూ నేల విడిచేస్తాయి.

అయితే ఈ పద్ధతికి ఖరీదు ఉంది. రోజు బాగుంటే షరపోవాకు సైతం 6-0. రోజు బాగోలేకపోతే సిడ్నీ. మధ్యస్థంగా ఆడి ఎలాగో గట్టెక్కడం ఈ ఆటలో కుదరదు. రెండో సర్వీసు గారు పైకీ కిందికీ ఊగిందని తప్పుపడుతున్నారు. ఆ ఊగిసలాట ఆటలోనే ఉంది, మనిషిలో కాదు.

ఇంకో ముచ్చట. కొత్త బంతులు చేతికి వస్తే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. డబ్బా తెరిచినప్పుడు వచ్చే ఆ రబ్బరు వాసన ఎరిగినవాడికి ఆవిడ మీద కోపం రాదు.

---

రెండో సర్వీసు | శనివారం ఉదయం 8:30

మాస్టారూ, నా ముద్దుపేరు మీదే విమర్శ పెట్టారు. అయినా అంగీకరిస్తున్నాను.

---

పదో గేము | శనివారం ఉదయం 9:14

సింగపూర్ సంగతి అందరూ "గ్రూపులో ఓడి ఫైనల్లో గెలిచింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు కథ గ్రూపు లెక్కలోనే ఉంది. నేను అప్పట్లో నోటు పుస్తకంలో గీసుకున్నాను, అందుకే చెబుతున్నాను.

ఆ గ్రూపులో నలుగురు: కెర్బర్, హలెప్, మాడిసన్ కీస్, సిబుల్కోవా. ప్రతి ఒక్కరికీ మూడేసి మ్యాచులు. సిబుల్కోవా మొదటి రెండూ ఓడింది. కెర్బర్‌తో మూడు సెట్లు, కీస్‌తో రెండు సెట్లలోనే. రెండు ఓడినవాళ్లు మామూలుగా అయితే పెట్టె సర్దుకోవాలి.

మూడో రోజు రెండు పనులు జరగాలి. సిబుల్కోవా హలెప్‌ను రెండే సెట్లలో ఓడించాలి. కీస్ కెర్బర్ చేతిలో ఓడాలి. రెండూ జరిగాయి. సిబుల్కోవా 6-3, 7-6తో గెలిచింది, కెర్బర్ 6-3, 6-3తో కీస్‌ను ముగించింది. ఇప్పుడు కెర్బర్ మూడు గెలుపులతో పైన ఉంది. మిగతా ముగ్గురికీ ఒక్కో గెలుపే. ఎవరు ముందుకు వెళ్లాలో సెట్ల లెక్క తేల్చాలి.

హలెప్: గెలిచిన సెట్లు 2, ఓడినవి 4. కీస్: గెలిచినవి 2, ఓడినవి 4. సిబుల్కోవా: గెలిచినవి 3, ఓడినవి 4.

ఆ మూడో సెట్టు ఎక్కడిదో తెలుసా? మొదటి రోజు కెర్బర్ చేతిలో ఓడిన మ్యాచులో మధ్యలో 6-2తో గెలుచుకున్న సెట్టు. ఓడిపోయిన మ్యాచులో సంపాదించిన ఆ ఒక్క సెట్టే ఆవిడను సెమీస్‌కు తీసుకెళ్లింది. సెమీస్‌లో కుజ్నెత్సోవా మొదటి సెట్టును 6-1తో ఊడ్చేసింది. తర్వాత 7-6, 6-4. ఫైనల్లో ఆ సెట్టు ఇచ్చిన కెర్బర్‌కే 6-3, 6-4.

అసలు ఆ టోర్నీలో ఆవిడకు చోటు దొరకడమే ఆఖరి నిమిషంలో. అక్టోబరులో ఆస్ట్రియాలోని లింజ్‌లో గొలూబిచ్ మీద ఫైనల్ గెలిచి వచ్చింది. సింగపూర్ టోర్నీ ఆడటం ఆవిడకు అదే మొదటిసారి.

---

సెరంగూన్ శ్రీను | శనివారం మధ్యాహ్నం 12:40

ఆ ఫైనల్ నేను కాలంగ్‌లో ఇండోర్ స్టేడియంలో కూర్చుని చూశాను. 2016 అక్టోబరు 30, ఆదివారం. మీ అందరికీ అది దీపావళి రోజు. మాకు ఇక్కడ సెలవు ముందు రోజు శనివారమే అయిపోయింది.

నిజం చెప్పాలంటే టికెట్లు కొన్నది సానియా కోసం. ముందు ఏడాది హింగిస్‌తో కలిసి డబుల్స్ కప్పు గెలిచింది ఇక్కడే కదా, మళ్లీ ఫైనల్ ఆడుతుందని ధీమాగా ఆదివారం టికెట్లు తీసుకున్నాం. వాళ్లిద్దరూ సెమీస్‌లో మకరోవా, వెస్నినా జోడీ చేతిలో ఓడిపోయారు. టికెట్లు చేతిలో మిగిలాయి. మా ఆవిడ "పండగ పూట ఇంట్లో ఉండక ఈ ఉల్లిపాయ మ్యాచుకెందుకు" అనలేదు కానీ, గుంటూరు గ్యాలరీ గారి అర్థం తెలిసి ఉంటే తప్పకుండా అనేది.

కెర్బర్ అప్పటికి నంబర్ వన్. ఆ ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, యూఎస్ ఓపెన్ రెండూ ఆవిడవే. మా వరుసలో అందరూ ఆవిడే గెలుస్తుందని అనుకుంటున్నారు. ఆట మొదలయ్యాక మాకు వినబడింది ఒక్కటే అరుపు: "పొమే!" ప్రతి మంచి పాయింటు తర్వాత సిబుల్కోవా పిడికిలి బిగించి "పొమే!" పద, కానివ్వు అన్నట్టు. మా అబ్బాయికి అప్పుడు ఆరేళ్లు. రెండో సెట్టు వచ్చేసరికి వాడూ కుర్చీ మీద నిలబడి "పోమ్మే, పోమ్మే" అని మొదలుపెట్టాడు. ఎవరిని పొమ్మంటున్నాడో వాడికి తెలియదు. వెనక వరుసలో ఒక తమిళ పెద్దాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

చివరి పాయింటు ఈ జన్మకు మరిచిపోను. మ్యాచ్ పాయింట్లు చేతికి వచ్చి జారిపోయాయి, స్టేడియం అంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు ఆవిడ కొట్టిన ఫోర్‌హ్యాండ్ నెట్ పట్టీకి తగిలింది. బంతి అవతల, కెర్బర్ వైపు, ఒరిగి పడింది. అంతే. సిబుల్కోవా కూలబడి చేతుల్లో ముఖం దాచుకుంది. మా ఊరి టోర్నీల్లో నెట్‌కు తగిలి పడ్డ పాయింటుకు చెయ్యెత్తి క్షమించమని అడగడం మర్యాద. ఆ క్షణంలో ఆ మర్యాద ఎవరికి గుర్తుంటుంది?

---

గుంటూరు గ్యాలరీ | శనివారం మధ్యాహ్నం 1:05

"ఎవరిని పొమ్మంటున్నాడో వాడికి తెలియదు." శ్రీను గారూ, భోజనం చేస్తూ చదివాను, పొలమారింది.

స్లొవేకియా అంటే నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది డానియెలా హంతుచోవా. 2002లో ఇండియన్ వెల్స్ ఫైనల్లో హింగిస్‌ను ఓడించినప్పుడు పద్దెనిమిదేళ్లు. ఐదో ర్యాంకు దాకా వెళ్లింది. 181 సెంటీమీటర్లు, సిబుల్కోవా కన్నా ఒక జానెడు ఎక్కువ. ఇద్దరూ ఒకే జట్టులో జాతీయ గీతానికి పక్కపక్కన నిలబడితే ఫొటోగ్రాఫర్ ఎంత అవస్థ పడ్డాడో!

మనకు ఆవిడతో ఒక చుట్టరికం కూడా ఉంది. 2005 యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ మహేశ్ భూపతితో కలిసి గెలిచింది. దాంతో నాలుగు గ్రాండ్‌స్లాముల్లోనూ మిక్స్‌డ్ టైటిల్ పూర్తయింది ఆవిడకు. సరిగ్గా అదే టోర్నీలో మన సానియా సింగిల్స్‌లో నాలుగో రౌండుకు వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. ఆ పక్షం రోజులూ హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లలో క్రికెట్ మాట వినబడలేదంటే నమ్మండి.

---

రెండో సర్వీసు | శనివారం మధ్యాహ్నం 2:20

హంతుచోవా ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీస్‌లో ఇవానోవిచ్ మీద 6-0, 2-0 ఆధిక్యం. అక్కడి నుంచి ఓడిపోయింది. అది గెలిచి ఉంటే గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చేరిన మొదటి స్లొవాక్ ఆవిడే అయ్యేది. ఆరేళ్ల తర్వాత ఆ గౌరవం సిబుల్కోవాకు దక్కింది.

---

మట్టికోర్టు మాస్టారు | శనివారం మధ్యాహ్నం 2:48

మొదటి స్లొవాక్ మహిళ అనండి. మిలొస్లావ్ మెచీర్‌ను మరిచిపోతే నాకు నిద్రపట్టదు. 1986 యూఎస్ ఓపెన్ ఫైనల్, 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్, మధ్యలో 1988 సియోల్ ఒలింపిక్స్ స్వర్ణం. స్లొవేకియాలో పుట్టినవాడే. జెండా మాత్రం చెకొస్లొవేకియాది. దేశం విడిపోయింది 1993లో. పిల్లిలా నడిచేవాడు కోర్టులో, అడుగుల చప్పుడు వినబడేది కాదు.

సానియా పక్కన ఆడిన హింగిస్ కూడా పుట్టింది అక్కడే, కోషిత్సేలో. 54 లక్షల జనాభా ఉన్న దేశం. మన ఒక్క హైదరాబాద్‌లోనే అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. 2002లో ఫెడ్ కప్పు (దేశాల జట్ల మధ్య మహిళల పోటీ) కూడా గెలిచారు వీళ్లు, ఫైనల్లో స్పెయిన్‌ను ఓడించి.

---

పదో గేము | శనివారం సాయంత్రం 4:30

మాస్టారూ, రిబారికోవాను కూడా కలపండి. 2017 వింబుల్డన్ సెమీస్. మణికట్టుకు, మోకాలికి శస్త్రచికిత్సలు అయ్యాక వచ్చి.

ఇక 2016 వింబుల్డన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? పెళ్లి కథ!

---

తెల్లవారుజాము | శనివారం సాయంత్రం 5:10

దాని కోసమే ఆగాను. ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

2014లో ఫైనల్ ఆడి, అకపుల్కో టైటిల్ గెలిచి, మొదటిసారి తొలి పదిమందిలోకి వచ్చింది. 2015లో మెల్‌బోర్న్ క్వార్టర్స్‌లో సెరెనా చేతిలో ఓడాక మడమ దగ్గర శస్త్రచికిత్స. పరుగు మీద బతికే మనిషికి మడమ పోతే ఇంకేం మిగులుతుంది? దాదాపు నాలుగు నెలలు ఆట లేదు. 2016 మొదట్లో ర్యాంకు అరవైల్లోకి పడిపోయింది.

ఇక వరుస చూడండి. ఏప్రిల్‌లో కటోవిత్సేలో టైటిల్. మేలో మాడ్రిడ్ ఫైనల్, హలెప్ చేతిలో ఓటమి. జూన్‌లో ఈస్ట్‌బోర్న్‌లో ప్లిష్కోవా మీద గెలిచి పచ్చిక మీద మొదటి టైటిల్. తర్వాత వింబుల్డన్.

పెళ్లి ముహూర్తం జులై 9, శనివారం, బ్రాటిస్లావాలో. వింబుల్డన్ మహిళల ఫైనల్ కూడా జులై 9, శనివారమే. తేదీ పెట్టుకున్నప్పుడు అంత దూరం వెళ్తాననుకోలేదు పాపం. నాలుగో రౌండులో మళ్లీ మన రద్వాన్‌స్కా. దాదాపు మూడు గంటలు, 6-3, 5-7, 9-7. ఆ మూడో సెట్టులో ఇద్దరూ ఒకరినొకరు ఎంత పరిగెత్తించారో, పాయింటు అయ్యాక ఇద్దరూ రాకెట్ల మీద ఆనుకుని నిలబడటం కనబడేది. గెలిచాక విలేఖరులు అడిగింది ఆట గురించి కాదు, పెళ్లి గురించి. ఇంకా ముందుకు వెళ్తే వాయిదా వేస్తామంది. కార్డులు పంచి, భోజనాలకు చెప్పి, వాయిదా! మన ఇళ్లలో ఆ మాట అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

క్వార్టర్స్‌లో వెస్నినా 6-2, 6-2తో ఓడించి పెళ్లిని కాపాడింది. శనివారం అనుకున్న ముహూర్తానికే పెళ్లి జరిగింది. మూడున్నర నెలలకు సింగపూర్.

---

సెరంగూన్ శ్రీను | శనివారం సాయంత్రం 5:26

ముహూర్తం మారలేదు కాబట్టే సింగపూర్‌లో కలిసొచ్చిందని మా అత్తగారు అంటారు. నేను వాదించలేదు.

---

చిన్నారి నాన్న | శనివారం రాత్రి 9:02

ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయలేదు. ఈ చర్చ చూసి ఖాతా తెరిచాను.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. నాలుగేళ్లుగా టెన్నిస్ ఆడుతోంది. కిందటి నెల శిక్షణ ఇచ్చే చోట గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "బాగా ఆడుతుంది గానీ ఎత్తు చాలదండీ, డబ్బు వృథా చేసుకోకండి" అన్నారు. అది అమ్మాయి వింది. అప్పటి నుంచి రోజూ పొద్దున గడప పక్కన గోడకు ఆనుకుని పెన్సిల్‌తో గీత గీసుకుంటోంది. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి మందమవుతున్నాయే తప్ప పైకి జరగడం లేదు.

ఇవాళ మీరు చెప్పిన సింగపూర్ ఫైనల్ తనకు చూపించాను. మాస్టారు గారిని ఒక్కటి అడగాలి. దబాయించకుండా, ఓదార్చకుండా నిజం చెప్పండి. ఎత్తు లేకపోతే ఎక్కడ దెబ్బ తగులుతుంది?

---

మట్టికోర్టు మాస్టారు | శనివారం రాత్రి 10:11

నాన్నగారూ, పన్నెండేళ్ల పిల్ల ఎత్తు గురించి తీర్పు చెప్పినవాళ్లు తొందరపడ్డారు. ఆ వయసులో ఇంకా పెరుగుతారు. కానీ మీరు అడిగింది అది కాదు.

దెబ్బ సర్వీసు దగ్గర తగులుతుంది, పొద్దున చెప్పాను. సిబుల్కోవాకు వృత్తి పొడవునా తగులుతూనే ఉంది. అది పోయే నొప్పి కాదు. పొడుగువాళ్లకు సర్వీసు మీద ఉచితంగా వచ్చే పాయింట్లు ఉంటాయి. ఈవిడ ప్రతి పాయింటూ పరిగెత్తి సంపాదించుకోవాల్సి వచ్చింది. మడమ అరిగింది అందుకే కావచ్చు, నేను డాక్టరును కాను.

ఫైనల్ చూపించారు, మంచిది. ఇప్పుడు అదే ఫైనల్ మళ్లీ పెట్టి, ఈసారి బంతిని చూడొద్దని చెప్పండి. ఆవిడ పాదాలు మాత్రమే చూడమనండి. కెర్బర్ సర్వీసు చేసే క్షణంలో ఆవిడ రెండు పాదాలూ నేల మీద నుంచి ఒక్క అంగుళం లేచి దిగుతాయి. ఆ చిన్న గెంతు సరిగ్గా కెర్బర్ రాకెట్ బంతిని తాకే వేళకు పడుతుంది. ఒక్క గేములో ఎన్నిసార్లు వేళకు పడిందో లెక్కపెట్టమనండి. పెన్సిల్ గీతలు గోడ మీద కాకుండా కాగితం మీద పెట్టుకోవచ్చు.

---

చిన్నారి నాన్న | ఆదివారం ఉదయం 7:48

రాత్రి పదకొండున్నర దాకా లెక్కపెట్టింది. మొదటి సెట్టు వరకు ఒక పేజీ నిండింది. ఇంకా లేవలేదు.

---

రెండో సర్వీసు | ఆదివారం ఉదయం 9:30

నేను రాత్రి 2018 వింబుల్డన్ తిరగేశాను. ఆ సంగతి మరిచిపోయాను, సిగ్గుపడాలి.

ప్రసవం తర్వాత తిరిగి వచ్చిన సెరెనా ర్యాంకు అప్పుడు 183. అయినా నిర్వాహకులు ఆవిడకు 25వ సీడ్ (మేటివాళ్లు మొదట్లోనే ఒకరికొకరు ఎదురుపడకుండా ఇచ్చే స్థానం) ఇచ్చారు. సీడ్లు 32 మందికే. కాబట్టి 32వ ర్యాంకులో ఉన్న ఒకరు బయటికి పోవాలి. ఆ ఒకరు సిబుల్కోవా. ఇది న్యాయం కాదని బాహాటంగానే చెప్పింది. సెరెనాకు ఇవ్వడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ, నా మటుకు ఇవ్వడమే సబబు. కానీ అన్యాయం జరిగిందని అన్న మనిషి తర్వాత ఏం చేసిందో చూడండి. సీడ్ లేకుండా దిగి, రెండో రౌండులో సొంత గడ్డ మీద ఆడుతున్న కొంటాను, మూడో రౌండులో మెర్టెన్స్‌ను ఓడించింది. ఇద్దరూ సీడ్ ఉన్నవాళ్లే. క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఒస్తపెంకో దగ్గర ఆగింది.

తెల్లవారుజాము గారూ, ఇది మీ ఖాతాలో రాసుకోండి. మనిషి మీద కాదు, ఈసారి టోర్నీ మీదే బాకీ తీర్చుకుంది.

---

తెల్లవారుజాము | ఆదివారం ఉదయం 10:04

మీ నోట ఈ మాట వినడానికి రెండు రోజులు పట్టింది.

---

పదో గేము | ఆదివారం ఉదయం 11:15

అయితే ఇప్పుడు నేను అడ్డం తిరగాలి. ఈ ఖాతా పుస్తకంలో ఒక పేజీ మీరెవరూ తెరవలేదు.

చైనా అమ్మాయి లీ నా.

2014 జనవరి 25, మెల్‌బోర్న్ ఫైనల్. మనకు మధ్యాహ్నం రెండు గంటలు. మొదటి సెట్టు టైబ్రేకర్ దాకా వెళ్లింది, గంటకు పైగా సాగింది. లీ నా తడబడుతోంది, ఫోర్‌హ్యాండ్లు బయటికి పోతున్నాయి. ఎప్పుడైనా తలకిందులు కావచ్చు అనిపించింది. టైబ్రేకర్ 7-3తో లీ నాది. ఆ తర్వాత రెండో సెట్టు 6-0. సిడ్నీ గుండుసున్నాల్లో ఒకటి ఏడాదికి మళ్లీ వచ్చి కూర్చుంది. షరపోవా, హలెప్, రద్వాన్‌స్కా, ముగ్గురినీ దాటి వచ్చిన కాళ్లు అక్కడ ఆగిపోయాయి. బహుమతి ప్రదానంలో నవ్వుతూనే మాట్లాడింది, గొంతు మాత్రం నిలబడలేదు.

సరే, బాకీ పడింది. తీర్చుకునే అవకాశమూ వెంటనే వచ్చింది. అదే వసంతంలో ఇండియన్ వెల్స్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. లీ నా గెలిచింది. రెండు వారాలకు మయామీలో మళ్లీ ఎదురుపడ్డారు. మళ్లీ లీ నానే గెలిచింది. సెప్టెంబరులో మోకాళ్లు సహకరించక లీ నా ఆటకు స్వస్తి చెప్పేసింది.

---

తెల్లవారుజాము | ఆదివారం ఉదయం 11:50

అవును. ఆ పేజీ నేను కావాలనే తెరవలేదు.

సిబుల్కోవా చివరి మ్యాచ్ 2019 రొలాండ్ గారోస్ మొదటి రౌండు, సబలెంకా చేతిలో ఓటమి. ఆ నవంబరులో, తన ఆత్మకథ విడుదల సందర్భంగా రిటైర్మెంట్ ప్రకటించింది. ముప్పై ఏళ్లకు. మరుసటి ఏడాది బాబు పుట్టాడు.

లీ నా బాకీ అలాగే ఉంది.

---

సెరంగూన్ శ్రీను | ఆదివారం మధ్యాహ్నం 12:02

మా అబ్బాయి ఇప్పుడు కాలేజీ వయసుకు దగ్గరపడ్డాడు. ఈ చర్చ చదివి వినిపించాను. "పోమ్మే అన్నది నేనేనా?" అని అడిగాడు. వీడియో ఉంది, చూపించమంటావా అన్నాను. వద్దన్నాడు.